తిట్టుకు బిల్లు లేదు

కోరుట్ల వీధుల్లో తిరిగే ఆటో మైకుకు మర్యాద ఎక్కువ. ఫలానా కీళ్ల డాక్టరు గారు హైదరాబాద్ నుంచి ప్రతి ఆదివారం మన పట్టణానికి విచ్చేస్తున్నారనీ, ఈ సదవకాశాన్ని ప్రజలందరూ వినియోగించుకోవలసిందిగా మనవి అనీ పొద్దుటి నుంచి వేడుకుంటుంది. ఆ వేడుకోలు విని, కథలాపూర్ నుంచో ఇబ్రహీంపట్నం నుంచో మోకాళ్లు పట్టుకుని బస్సెక్కి వచ్చిన అవ్వకు ఆసుపత్రి గడప దాటాక వినిపించే మొదటి మాట 'పక్కకు జరుగు'. రెండోది 'సారు రాలే, పోయి కూసో'. ఎప్పుడొస్తడు బిడ్డా అని అడిగితే దొరికే మూడో మాట ఇక్కడ అచ్చువేయడానికి పనికిరాదు. జగిత్యాలైనా సిరిసిల్లైనా, సర్కారు దవాఖానైనా ప్రైవేటు ఆసుపత్రైనా, కౌంటర్ దగ్గర మర్యాదల వరుస పెద్దగా మారదు.

దీనికి మనందరి దగ్గరా ఒకటే రోగనిర్ధారణ ఉంది: కౌంటర్‌లో కూర్చున్న పిల్లకు పొగరు. రోగం అంతే అయితే వైద్యం తేలిక, పిల్లను మార్చేయొచ్చు. మారుస్తూనే ఉంటారు కూడా. కొత్త ముఖం వస్తుంది, వచ్చిన కొద్దిరోజులకే పాత గొంతు పలుకుతుంది. మనుషులు ఇంతమంది మారినా గొంతు మారలేదంటే ఆ గొంతు ఆ కుర్చీదే అయివుండాలి. కౌంటర్ దగ్గరి కసురును ఆసుపత్రి లోపంగా చూడటంలోనే మన పొరపాటుందనీ, అది యాజమాన్యం జీతమిచ్చి నడిపిస్తున్న ఒక విభాగమనీ నా వాదన. స్కానింగ్ మిషను చెడిపోతుంది, ల్యాబ్ టెక్నీషియన్ సెలవు పెడతాడు. ఈ విభాగానికి మాత్రం ఆదివారం కూడా సెలవు లేదు.

లెక్క చూద్దాం. డాక్టరు ఒక్కో రోగికి ఎంతసేపు కేటాయిస్తాడో 67 దేశాల వివరాలు కూర్చి 2017లో బీఎంజే ఓపెన్ అనే వైద్య పత్రిక ఒక అధ్యయనం అచ్చువేసింది. స్వీడన్‌లో 22.5 నిమిషాలు. బంగ్లాదేశ్‌లో 48 సెకన్లు. మన దేశానిది రెండు నిమిషాల చిల్లర. పొద్దున మూడు గంటల ఓపీకి తొంభై మంది వస్తే తలా రెండు నిమిషాలే వస్తాయని చెప్పడానికి అధ్యయనం కూడా అక్కర్లేదు, ఐదో తరగతి చదువు చాలు. ఆ రెండు నిమిషాల్లో డాక్టరు బాధ వినాలి, స్టెతస్కోపు పెట్టాలి, మందులూ పరీక్షలూ రాయాలి, 'ఏం గాదమ్మా' అని ధైర్యం చెప్పాలి. ఇక నా నంబర్ ఎప్పుడొస్తది, పాత చిట్టీ చెల్లుతదా, స్కానింగ్‌కు ఎంతైతది, పరగడుపున రావాల్నా అనే ప్రశ్నలకు లోపల చోటెక్కడిది? అవన్నీ బయటే ఆగిపోవాలి. ఓపిగ్గా జవాబు చెప్పి ఆపాలంటే ముగ్గురు మనుషులు కావాలి, కసిరి ఆపడానికి ఒక్కరు చాలు. యజమాని ఏది ఎంచుకుంటాడో వేరే చెప్పాలా? చెరువులో నీళ్లు తక్కువైన ఏడాది తూము కాడి నీరటికాడు ఊరందరికీ చెడ్డవాడవుతాడు. మడి ఎండిన రైతు అతణ్ని తిడతాడు గానీ చెరువెందుకు నిండలేదని అడగడు. ఇక్కడ నీరటికాడికి నీళ్లు ఆపే పనితో పాటు తిట్టే పని కూడా అప్పగించారు. అందుకే 'సారు దేవుడు, ఆ బయటి పిల్లతోనే బాధ' అని ఊళ్లన్నీ ఒకే మాట అంటాయి. దేవుడి శాంతానికి అయ్యే ఖర్చు మొత్తం బయటి కౌంటర్ ఖాతాలో రాస్తున్నారు.

ఆ పిల్ల మాత్రం ఏం చేస్తుంది పాపం, చాలీచాలని జీతం, పొద్దంతా ఇదే రొద అని కొందరంటారు. నిజమే. సర్కారు దవాఖానలోనైతే ఏజెన్సీ ఉద్యోగం, జీతం ఎప్పుడు పడుతుందో తెలియని బతుకు. బ్రిటన్‌లో జెన్నా వార్డ్, రాబర్ట్ మెక్‌మరే అనే పరిశోధకులు డాక్టర్ల దగ్గర రిసెప్షనిస్టులు చేసే పనిని గమనించి 2011లో ఒక వ్యాసం రాశారు. భార్యను పోగొట్టుకున్న మనిషిని ఓదార్చిన మరుక్షణం కొత్త తల్లికి అభినందనలు చెప్పాలి, ఆ వెంటనే కోపంగా ఉన్నవాడికి మందుల చీటీ సర్దాలి. ఇన్ని భావాల మధ్య దూకుతూ ఉండే మనిషి ముఖం బిగుసుకుపోతే దాన్ని మనం పొగరనుకుంటామన్నది వాళ్లు తేల్చిన సారాంశం. ఒప్పుకుంటాను. కానీ అలసటకు ఒక లక్షణముంది, అది మనిషిని చూసి రాదు. మన కౌంటర్ల అలసట మాత్రం మనిషిని చూసే వస్తుంది. ఊరి ఆర్ఎంపీ తన బండి మీద పేషెంటును ఎక్కించుకుని రానివ్వండి, అదే పిల్ల, అదే గంట, అదే రద్దీ. అప్పుడు కుర్చీ దొరుకుతుంది, ఫ్యాను తిరుగుతుంది, సారు ఆపరేషన్‌లోంచి కూడా ఐదు నిమిషాల్లో వచ్చేస్తాడు. ఆర్ఎంపీ పేషెంట్లను తెచ్చే మనిషి, ముసలవ్వ తనను తానే తెచ్చుకున్న మనిషి. ఎవరితో ఎంత గొంతు వాడాలో ఆ పిల్లకు పుట్టుకతో తెలియదు. ఎవరొస్తే లేచి నిలబడాలో కొలువులో చేరిన మొదటి వారంలోనే నేర్పుతారు. ప్యాంటు చొక్కాకు 'చెప్పండి సార్', ధోవతి రుమాలుకు 'ఏంది?' అనడం కూడా ఆ పాఠంలోదే. కొన్నిచోట్ల అర్జంటు ఫీజు అని ఒకటుంటుంది, అది కడితే వరుసతో పాటు వాక్యంలో క్రియాపదం కూడా మారి 'కూసో' కాస్తా 'కూర్చోండి' అవుతుంది.

ఈ నేల మీద ఇది జరగడమే అసలు వింత. వెట్టి చేయం, దండుగలు కట్టం, కట్టిన దండుగలు వాపసియ్యండి అని 1978 సెప్టెంబర్ 7న రైతు కూలీలు వేలాదిగా తరలివచ్చింది ఈ జగిత్యాలకే. దాన్ని జైత్రయాత్ర అని ఇప్పటికీ చెప్పుకుంటున్నాం. మరుసటి నెలలో ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. దొర ఎదుట చెప్పులు చేతబట్టుకుని వంగి నిలబడేవాళ్లు అలా నిలబడటం మానేస్తే ఏలికలకు అది కల్లోలంగా కనిపించింది. వాళ్ల కొడుకులూ కోడళ్లూ ఇప్పుడు గాజు కిటికీ ముందు వంగి నిలబడుతున్నారు. వంగక తప్పదు, ఎందుకంటే మాట వినపడటానికి ఆ గాజుకు పెట్టిన కంత నడుము ఎత్తులో ఉంటుంది. గడీ కట్టిన మేస్త్రీకి కూడా ఇంత తెలివైన ఆలోచన రాలేదు. దొరను నిలదీసిన తాలూకాలు కౌంటర్‌ను ఎందుకు నిలదీయవంటే, దొర దగ్గర భూమి ఉంది, కౌంటర్ దగ్గర మన నంబర్ ఉంది. నోరు లేస్తే చిట్టీ అడుగుకు పోతుందన్న భయం నొప్పిలో ఉన్న మనిషికి చాలా పెద్దది.

మర్యాద కడుపు నింపుతుందా, రోగం తగ్గితే చాలదా అనేవాళ్లున్నారు. వాళ్లు బహుశా నెలజీతం మీద బతికేవాళ్లు. సిరిసిల్లలో సాంచాలు నడిపే మనిషికి కూలి నేసిన మీటర్ల మీద. కోరుట్లలో బీడీలు చుట్టే ఆడమనిషికి కూలి వెయ్యి బీడీల మీద. 'కూసో' అన్న ఒక్క ముక్కకు వాళ్లు కట్టే మూల్యం రూపాయల్లో ఉంటుంది, కన్సల్టేషన్ ఫీజు దాని తర్వాత. 2023 డిసెంబర్ 9న ఆడవాళ్లకు బస్సు ప్రయాణం ఉచితం చేశారు, అదే రోజు ఆరోగ్యశ్రీ పరిమితిని పది లక్షలకు పెంచారు. రెండూ మంచివే. రాయికల్ నుంచి జగిత్యాలకు ఖర్చు లేకుండా వచ్చిన ఆమె, తన పది లక్షల హక్కుకూ తనకూ నడుమ ఉన్న మూడడుగుల కౌంటర్ దాటడానికి మాత్రం సగం పూట కూలి పోగొట్టుకుంటుంది. ఇంకో నష్టం ఎవరి లెక్కలోకీ రాదు. ఒకసారి కసురు తిన్న మనిషి రెండో ప్రశ్న అడగడు. మాత్ర తినకముందా తిన్నాకా అని అడగడు, పదిహేను రోజులకు మళ్లీ రమ్మన్నారా అని అడగడు. కొడుకు మస్కట్‌లో ఉన్న ముసలాయన పక్కన అడిగే మనిషి కూడా ఉండడు. షుగరు, బీపీ మనిషి సిగ్గుపడ్డాడని ఆగవు. అతను తిరిగి ఊరి ఆర్ఎంపీ దగ్గరికే పోతాడు. అక్కడ సూది మందు సంగతి దేవుడెరుగు, 'ఏం కాకా, ఎట్లున్నది' అనే పలకరింపు ఖాయం. చదువుకున్న వైద్యం చదువులేని వైద్యం చేతిలో ఎందుకు ఓడిపోతోందని సభల్లో బాధపడే డాక్టర్లు ఒకసారి తమ గేటు నుంచి కౌంటర్ దాకా నడిచి చూడాలి.

రోగుల బంధువులు తక్కువ తిన్నారా అని ఆసుపత్రుల వాళ్లు అడుగుతారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. వరుస తప్పించి దూరేవాళ్లున్నారు, లీడర్ పేరు చెప్పి బెదిరించేవాళ్లున్నారు, అద్దాలు పగలగొట్టినవాళ్లున్నారు. అందుకే వైద్య సిబ్బంది మీద దాడి చేస్తే మూడేళ్ల దాకా జైలు, యాభై వేల దాకా జరిమానా అంటూ 2008లోనే ఉమ్మడి రాష్ట్రంలో చట్టం తెచ్చారు. ఆ హెచ్చరిక బోర్డు గోడకు పెద్ద అక్షరాల్లో కనిపిస్తుంది. ఉండాల్సిందే. జాతీయ మానవ హక్కుల కమిషన్ తయారుచేసిన రోగుల హక్కుల పత్రం ముసాయిదా కూడా 2018లో బయటికొచ్చింది, అందులో 17 హక్కులున్నాయి: గౌరవం పొందే హక్కు, రేట్లు ముందే తెలుసుకునే హక్కు, మందులు నచ్చిన చోట కొనుక్కునే హక్కు, ఫిర్యాదు చెప్పుకునే హక్కు. దానికి మాత్రం గోడ మీద స్థలం దొరకలేదు. ఫుల్ బాడీ చెకప్ ప్యాకేజీ పోస్టర్‌కు దొరికింది. పైగా గలాటా ఎక్కడ పుడుతుందో చూడండి. నంబర్ ఎంత నడుస్తోందో తెలిసిన హాల్లో అరుపులు తక్కువ. వెనకాల వచ్చినవాడు ముందు లోపలికి పోయాడు, ఎందుకో ఎవరూ చెప్పలేదు, అక్కడ గొంతులు లేస్తాయి. జనం క్రమశిక్షణ లేనివాళ్లని ముందే తీర్మానించి, క్రమం ఏమిటో చెప్పకుండా దాచిపెడితే తీర్మానం రోజూ నిజమవుతూనే ఉంటుంది.

అంత మర్యాద కావాలంటే కార్పొరేట్‌కు పోండి అనేది చివరి సలహా. అక్కడ నిజంగానే కోటు వేసుకున్న అమ్మాయి రెండు చేతులూ జోడిస్తుంది, మంచినీళ్లు కావాలా అంటుంది, అంతే తియ్యగా డిపాజిట్ ఎంతో చెబుతుంది. ఆ నమస్కారాన్ని బిల్లులో ఏ పద్దు కింద కలిపారో కనిపెట్టడం కష్టం గానీ కలిపారన్నది ఖాయం. కాబట్టి మన పట్టణాల్లో తిట్టు ఉచితం, హైదరాబాద్‌లో నమస్కారం ఖరీదు. ఈ రెండింటిలో ఒకటి ఎంచుకొమ్మంటున్నారు. జగిత్యాలలో 2022లో, సిరిసిల్లలో 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి. రోగితో ఎలా మాట్లాడాలో నేర్పే పాఠాలు 2019 నుంచి దేశమంతటా ఎంబీబీఎస్ సిలబస్‌లో ఉన్నాయి. అందరికంటే ముందు రోగితో మాట్లాడే మనిషికి మాత్రం ఆ క్లాసులో సీటు లేదు. అలాగని ఆమెను వారం రోజులు నవ్వడం నేర్పే శిక్షణకు పంపితే ఏమీ జరగదు. తొంభై మందికి జవాబు చెప్పాల్సిన ఒక్క మనిషి నవ్వుతూ కసురుతుంది, అది ఇంకా భయంకరం. అడగడానికి వచ్చిన అవ్వకు నవ్వు అక్కర్లేదు. తన నంబర్ ఎంత, ఇప్పుడు నడుస్తున్నది ఎంత, డాక్టరు ఎన్నింటికి వస్తాడు, రాకపోతే ఎవరు చెబుతారు, పరీక్షకు ఎంత, ఇవి చాలు. బ్యాంకులో ఎర్రక్షరాల టోకెన్ పెట్టె ఎప్పటినుంచో ఉంది. ఫోన్‌తో స్కాన్ చేసి ఓపీ టోకెన్ తీసుకునే పద్ధతిని కేంద్రం 2022లోనే తెచ్చింది. అయితే ఫోన్ చూసుకోలేని అవ్వ కోసం పక్కన ఒక మనిషి ఉండాలి, ఆ మనిషికి వేరే జీతం ఇవ్వాలి. యజమానులకు ఇబ్బంది అంతా ఈ చివరి వాక్యం దగ్గరే.

ఆసుపత్రి నడిపే డాక్టరు గార్లకు ఒక మనవి: ఒక సోమవారం పొద్దున ముఖానికి మాస్కు కట్టుకుని, తలకు రుమాలు చుట్టుకుని, మీ సొంత హాల్లో చివరి బెంచీ మీద రెండు గంటలు కూర్చోండి, నడుమ ఒకసారి కౌంటర్ దగ్గరికి పోయి మీరెప్పుడొస్తారో అడగండి. పాఠకులకు ఇంకో మనవి. కౌంటర్‌లో పిల్లతో కొట్లాడకండి, ఆమె మీద అరిచి సాధించేదేమీ లేదు. సోమవారాలు కలెక్టరేట్లలో ప్రజావాణి ఉంటుంది, ప్రైవేటు ఆసుపత్రుల రిజిస్ట్రేషన్ వ్యవహారం చూసే జిల్లా వైద్యాధికారి కార్యాలయం కూడా జిల్లా కేంద్రంలోనే ఉంటుంది. టోకెన్ బోర్డు లేదనీ, రేట్ల పట్టిక లేదనీ, జవాబు చెప్పే మనిషి లేడనీ కాగితం మీద రాసి ఇవ్వండి. అందులో ఆ పిల్ల పేరు రాయకండి, యాజమాన్యం పేరు రాయండి.