రెండున్నర వేలకి టకటక

ఆటల కోసం మెకానికల్ కీబోర్డు కొనదలచినవాళ్లు ముందు చేయాల్సిన పని ఒకటుంది. తమకు ఏం కావాలో తేల్చుకోకూడదు. తేల్చుకున్నవాళ్లకి అరగంటలో బేరం తెమిలిపోతుంది. ఇక రాత్రి రెండింటిదాకా రివ్యూ వీడియోలు చూసే భాగ్యం ఉండదు. బోసుబొమ్మ సెంటర్లో టీ తాగుతూ ‘బ్లూనా, రెడ్డా’ అని వాదులాడుకునే అవకాశమూ ఉండదు. తిరువూరులో సాయంత్రాలు గడవాలి కదా, మామిడి సీజన్ అయిపోయాక మరీను.

మామిడి అంటే గుర్తొచ్చింది, డబ్బు అడగడానికి కూడా ఒక అదను ఉంది. ఏప్రిల్, మే నెలల్లో కాయ కోతలు నడుస్తుంటాయి. తోట ఉన్న ఇంట్లో నాలుగు డబ్బులు ఆడతాయి. అప్పుడు అడిగితే నాన్న ‘సరే, చూద్దాంలే’ అనే ప్రమాదం ఉంది. కాబట్టి జూన్ దాకా ఆగండి. చెల్లెలి కాలేజీ ఫీజు, విత్తనాలు, ఎరువులు అన్నీ ఒక్కసారే మీద పడి ఉంటాయి. మధ్యాహ్నం కరెంటు పోయి ఆయన వరండాలో తువ్వాలుతో విసురుకుంటున్న సమయం చూసి, ‘నాన్నా, గేములు ఆడటానికి కీబోర్డు, రెండున్నర వేలే’ అనండి. ఆయన మొదటి ప్రశ్న, ‘ఉన్నదానికేమైంది?’ రెండోది, ‘గేములంటే ఆ రమ్మీయేనా?’

నిజానికి ఇక్కడ చెప్పడానికి మీ దగ్గర బోలెడు సరుకుంది. ఆన్‌లైన్ రమ్మీని ఆంధ్రప్రదేశ్ 2020లోనే నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం డబ్బు కాసే ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా కాదని, ఈ-స్పోర్ట్స్‌ను మాత్రం గుర్తించింది. 2023లో హాంగ్జౌ ఆసియా క్రీడల్లో వీడియో గేములకి పతకాలే ఇచ్చారు. ఇవేవీ చెప్పకండి. ‘నీకు తెలీదులే నాన్నా’ అనేసి లేచిపోండి. డబ్బు ఎలాగూ అమ్మ పోపుల డబ్బాలోంచి వస్తుంది.

డబ్బు చేతికొచ్చాక చూడాల్సినవి లైట్లు. కీల కింద దీపాలు ఎన్ని రకాలుగా వెలిగి ఆరతాయో లెక్కపెట్టండి. పద్దెనిమిది రకాలున్నది పన్నెండు రకాలున్నదానికన్నా మంచి కీబోర్డు, ఇందులో చర్చ లేదు. ఆడేటప్పుడు చూపు తెర మీదే ఉంటుందని, చేతుల కింద ఏం వెలుగుతోందో చూసే తీరిక ఎవరికీ ఉండదని కొందరంటారు. వాళ్లు వినాయక చవితి పందిరికి సీరియల్ బల్బులు కూడా దండగే అనే రకం.

అట్టపెట్టె మీద ‘మెకానికల్ ఫీల్’ అని ఉంటే మారుమాట్లాడకుండా తీసుకోండి. ఆరేడు వందలకే వస్తుంది. ఒక్క కీక్యాప్ పీకి చూస్తే అసలు సంగతి తెలిసిపోతుంది. మెకానికల్ కీబోర్డులో ప్రతి కీ కిందా విడిగా ఒక స్విచ్ ఉంటుంది. బొటనవేలి గోరంత ప్లాస్టిక్ డబ్బా, దాని నడినెత్తిన ప్లస్ గుర్తు ఆకారంలో కాడ, లోపల ఒక స్ప్రింగు, పక్కన రెండు పల్చటి రాగి రేకులు. కాడ రెండు మిల్లీమీటర్లు దిగేసరికి రేకులు కలుస్తాయి, అక్షరం పడుతుంది. అడుగు తగలాలంటే ఇంకో రెండు మిల్లీమీటర్లు దిగాలి, కానీ అంతదాకా నొక్కాల్సిన పనిలేదు. మామూలు కీబోర్డులో స్విచ్చులుండవు. అన్ని కీల కిందా కలిపి రబ్బరు బుడిపెల షీటు ఒకటే, అడుగు దాకా నొక్కితేగాని పని జరగదు. షాపులో ‘ఒక క్యాప్ పీకి చూస్తానన్నా’ అంటే కాదనేవాళ్లు తక్కువే. కానీ మొహమాటం మన ఆస్తి. పీకకండి.

ఇక రంగులు. జర్మనీలోని చెర్రీ కంపెనీ 1980లలో తెచ్చిన ఎంఎక్స్ స్విచ్చులతో ఈ రంగుల గోల మొదలైంది. పేటెంటు గడువు తీరాక చైనాలో గేటెరాన్, కైల్, ఔటెము లాంటి కంపెనీలు అదే మూసలో చవగ్గా తయారుచేయబట్టి మన బడ్జెట్లో ఈ ముచ్చట తీరుతోంది. రెడ్ స్విచ్ ఏ అడ్డూ లేకుండా నున్నగా దిగుతుంది, చప్పుడు తక్కువ. కాల్చుకునే ఆటలు ఆడేవాళ్లలో చాలామంది దాన్నే ఎంచుకుంటారు. బ్రౌన్‌లో మధ్యలో చిన్న మెట్టు తగులుతుంది. బ్లూలో ఆ మెట్టుతో పాటు, నొక్కినప్పుడల్లా టక్కుమనడానికి లోపల ప్రత్యేకంగా ఒక ముక్క పెట్టారు.

మీరు బ్లూ తీసుకోండి.

బ్లూ గొప్పతనం తెలియాలంటే ఎండాకాలం రాత్రి, కిటికీలన్నీ తీసి ఉన్న ఇంట్లో ఆడాలి. పన్నెండున్నరకి వాలరెంట్ మొదలుపెట్టారనుకోండి. మీ చెవులకి హెడ్‌సెట్, అందులో తుపాకుల మోత. కాబట్టి రెండున్నర వేలు పోసి కొన్న టకటక మీకు మాత్రం వినపడదు. అది పక్కగదిలో అమ్మకి వినపడుతుంది, గోడ అవతల పిన్నిగారికి వినపడుతుంది, మైకు గుండా మీ జట్టులో ఆడుతున్న పుణే కుర్రాడికి వినపడుతుంది. ‘భాయ్, మైక్ మ్యూట్ కరో’ అంటాడతను. మొదటి రాత్రి అమ్మ ‘ఏంట్రా ఆ చప్పుడు, ఎలకలా?’ అంటూ లేచి వస్తుంది. రెండో రాత్రి లేవదు, పొద్దున్నే కాఫీ గ్లాసు బల్ల మీద కొంచెం గట్టిగా పెడుతుంది. మూడో రోజు పిన్నిగారు తోడు మజ్జిగకని వచ్చి, ‘మీవాడు రాత్రిళ్లు టైపు నేర్చుకుంటున్నాడా వదినా, ఏదన్నా ఉద్యోగం పడిందా?’ అని అడుగుతుంది. అమ్మ అవునంటుంది. మీ కీబోర్డు వల్ల ఇంటికి దక్కిన మొట్టమొదటి గౌరవం అది. కాపాడుకోండి.

హాట్‌స్వాప్ బోర్డైతే ఆ బ్లూలు పీకేసి రెడ్‌లు గుచ్చుకోవచ్చు, సోల్డరింగుతో పనిలేదు. రెండు, రెండున్నర వేల మధ్య అలాంటివి దొరుకుతున్నాయి కూడా. కానీ దిద్దుకునే దారి ముందే ఉంచుకుని తప్పు చేయడం పిరికితనం. స్విచ్చులు సోల్డర్ చేసేసిన బోర్డే కొనండి. పోనీ హాట్‌స్వాపే కావాలని పట్టుబడితే, సాకెట్లలో మూడు కాళ్ల స్విచ్చులు పడతాయో ఐదు కాళ్లవి పడతాయో చూడకుండా ఆర్డర్ పెట్టండి. అదనంగా ఉండేవి ఉత్త ప్లాస్టిక్ కాళ్లు రెండే, నెయిల్ కట్టర్‌తో తీసేయొచ్చు. ఈ సంగతి తెలిసినవాళ్లు ఎవరైనా చెప్పబోతే చెవులు మూసుకోండి.

సైజు విషయానికొస్తే, ఎంత చిన్నదైతే అంత గొప్ప. అరవై శాతం బోర్డు తీసుకోండి, మొత్తం 61 కీలు. పై ఎఫ్ వరస ఉండదు, బాణం కీలు ఉండవు, పక్కన నంబర్ ప్యాడ్ ఉండదు. ఫొటోలో బ్రహ్మాండంగా ఉంటుంది. ఇంట్లో ఉన్న ఒకే ఒక్క కంప్యూటర్ మీద పగలు నాన్న ఎరువుల కొట్టు లెక్కలు వేసుకుంటే మరీ మంచిది. ట్యాలీలో అమ్మకం రాయాలంటే ఎఫ్ 8, కొనుగోలుకి ఎఫ్ 9, చెల్లింపుకి ఎఫ్ 5, రసీదుకి ఎఫ్ 6. ఏళ్ల తరబడి ఆయన వేళ్లు చూడకుండానే అక్కడికి వెళ్తున్నాయి. పొద్దున్నే యూరియా బస్తా బండికెత్తుకుని రైతు బిల్లు కోసం నిలబడి ఉంటాడు. ఆయన మీకు ఫోన్ చేస్తారు.

‘ఎఫ్ 8 ఏదిరా?’

‘ఎఫ్‌ఎన్ పట్టుకుని 8 నొక్కాలి నాన్నా.’

‘ఆ ఎఫ్‌ఎన్ ఎక్కడుంది?’

‘కింద, కుడివైపు.’

‘అంకెలు కొట్టేవి పక్కనుండాలి కదా?’

‘పై వరసలో ఉన్నాయి నాన్నా.’

‘బాణం గుర్తులు?’

ఇక్కడ మీరు సిగ్నల్ లేదని పెట్టేయాలి. 87 కీల బోర్డు కొనుంటే నంబర్ ప్యాడ్ ఒక్కటే పోయేది, మౌస్ తిప్పుకోవడానికి చోటూ కలిసొచ్చేది. 104 కీలది కొనుంటే ఈ ఫోనే వచ్చేది కాదు. ఇంటిల్లిపాదికీ పనికొచ్చే వస్తువు కొనడం మాత్రం గేమర్ అన్నవాడికి నామోషీ.

వేగం గురించి రెండు ముక్కలు. సెకనుకి వెయ్యిసార్లు కంప్యూటర్‌కి కబురు పంపే కీబోర్డు కావాలని పట్టుబట్టండి. అంటే ఒక మిల్లీసెకనుకి ఒకసారి. మామూలు ఆఫీసు కీబోర్డు సెకనుకి 125 సార్లే, అంటే ఎనిమిది మిల్లీసెకన్లకి ఒకసారి పంపుతుంది. మిగిలే ఏడు మిల్లీసెకన్లూ మీ లాభం. వాలరెంట్ సర్వర్ ముంబైలో ఉంది, మీ వైఫై పెట్టె వంటింటి గోడకుంది, రాత్రి తొమ్మిదింటికి ఇంట్లో ముగ్గురు మూడు ఫోన్లలో వీడియోలు చూస్తుంటే పింగ్ వందలు దాటుతుంది. నూటయాభై రూపాయల ల్యాన్ వైరు ఒకటి లాగితే సగం జబ్బు కుదురుతుంది, కానీ వైరుకి లైట్లు ఉండవు.

ఇంకొంచెం డబ్బుంటే, ఎడమ కుడి కీలు రెండూ నొక్కినా చివరగా నొక్కినదే లెక్కలోకి తీసుకునే బోర్డు కొనండి. అలా కీబోర్డే మన బదులు చేసిపెట్టే పనిని కౌంటర్ స్ట్రైక్ 2 అధికారిక సర్వర్లలో వాల్వ్ కంపెనీ 2024 ఆగస్టులో నిషేధించింది. అంత పవరున్న వస్తువన్నమాట. బీజీఎంఐ ఆడేవాళ్లు కూడా వెనకాడొద్దు. అది ఫోన్లో వేళ్లతో ఆడే ఆట, కంప్యూటర్లో ఎమ్యులేటర్ పెట్టి ఆడితే ఖాతా ఎగిరిపోతుంది. అయినా బల్ల మీద కీబోర్డుంటే అందంగానే ఉంటుంది.

ముందుకి పరుగెడుతూ, పక్కకి జరుగుతూ, ఎగరాలంటే మూడు నాలుగు కీలు ఒక్కసారే పట్టుకోవాలి. చవక రబ్బరు కీబోర్డులు ఇలాంటి చోటే చేతులెత్తేస్తాయి. దీన్ని పరీక్షించడం చాలా తేలిక. నోట్‌ప్యాడ్ తెరిచి, రెండు వైపులా షిఫ్ట్‌లు నొక్కిపట్టి, ఏ నుంచి జెడ్ దాకా ఒక్కో అక్షరం కొట్టాలి. పాత కీబోర్డైతే కొన్ని అక్షరాలు అసలు పడవు. ఈ పరీక్ష షాపులో నిమిషం పని. అందుకే షాపుకి వెళ్లొద్దంటున్నాను. బస్సెక్కితే మైలవరం మీదుగా విజయవాడ, గవర్నరుపేటలో దిగి నాలుగు షాపులు తిరిగి, నాలుగు రంగుల స్విచ్చులూ వేలితో నొక్కి చూసి సాయంత్రానికి ఇల్లు చేరొచ్చు. హైదరాబాద్ వెళ్లే పనుంటే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కంప్యూటర్ షాపుల సీటీసీ ఉండనే ఉంది. అంత శ్రమ ఎందుకు? ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వీడియోలో ‘సౌండ్ టెస్ట్’ వినండి. ఆ బోర్డు లోపల స్పాంజి కూరి, స్విచ్చులన్నీ విప్పి గ్రీజు రాసి, మైకు ఆనించి తీసిన శబ్దమది. మీకొచ్చేదీ అలాగే మోగుతుందని నమ్మండి.

తహసీల్దారు ఆఫీసు దరిదాపుల్లో జిరాక్స్, డీటీపీ అని బోర్డున్న కొట్లోకి మాత్రం తొంగిచూడకండి. అక్కడ అనూ ఫాంట్లలో శుభలేఖ కొడుతుండే మనిషి ముందు మూడొందల యాభై రూపాయల కీబోర్డు ఉంటుంది. దాని మీద ఒక్క అక్షరం మిగిలి ఉండదు. పైపైన అచ్చువేసిన అక్షరాలు కదా, ఎప్పుడో అరిగిపోయాయి. వేలు ఎక్కువ తగిలే చోట ప్లాస్టిక్ గుంటపడి మెరుస్తుంటుంది. ఆయన మీ మొహంలోకి చూస్తూ, ముహూర్తం ఎన్నింటికో అడుగుతూ, వరుడి తాతగారి ఇంటిపేరు దాకా కొట్టేస్తుంటాడు. ఆ దృశ్యం చూస్తే వస్తువు కొనాలన్న ఉత్సాహం చస్తుంది. రెండు రంగుల ప్లాస్టిక్‌ని కలిపి పోతపోసే డబుల్ షాట్ క్యాపుల్లో అక్షరం చెరగదన్న సంగతి కూడా అప్పుడే గుర్తొచ్చి, లైట్ల సంఖ్య వదిలి దాని గురించి అడగబుద్ధేస్తుంది.

కీబోర్డు ఇంటికొచ్చాక పోషణ. స్పేస్‌బార్, ఎంటర్ లాంటి పొడుగు కీల కింద ఒక తీగ ఉంటుంది, చవక బోర్డుల్లో అది గలగలమంటుంది. తీగ చివర్ల కాస్త డైఎలక్ట్రిక్ గ్రీజు అంటిస్తే సద్దుమణుగుతుంది. మన ఇంట్లో కొబ్బరినూనె ఉండగా గ్రీజు ఎవడు కొంటాడు? ధారాళంగా పోయండి. వేసవిలో అది స్విచ్చుల్లోకి కారి రాగి రేకుల మీద పేరుకుంటుంది, దానికి దుమ్ము తోడై ఒక్కసారి నొక్కితే డబ్ల్యూ రెండుసార్లు పడుతుంది, లేదా పడనే పడదు. డిసెంబరు రాత్రి అదే నూనె గడ్డకట్టి స్పేస్‌బార్ పైకి లేవదు. మీ ఆటగాడు ఎగిరినవాడు ఎగిరినట్టే ఉంటాడు.

డెలివరీ కుర్రాడు వచ్చినప్పుడు పెట్టె విప్పుతూ వీడియో తీయకండి, బిల్లు దాచకండి. ఏడాది వారంటీ అడగాలంటే ఆ బిల్లే కావాలి. చాలా కీబోర్డులకి వాపసు గడువు ఏడు రోజులే. అందువల్ల ఈ సలహాలు పాటించి కొన్న పాఠకులు ఎనిమిదో రోజు తర్వాతే నాకు ఉత్తరం రాయవలసిందిగా మనవి.