ఒక గూటికి మూడు తురాయిలు

పుంజులు కావాలని ఎవరూ గుడ్లు పొదగెయ్యరు. కోలగుడ్డయితే పుంజు, గుండ్రటిదయితే పెట్ట అని మా అమ్మ లెక్క. గుండ్రటివే ఏరి వేసింది. 21 రోజులకి పిల్లలు దిగాయి. అమ్మ లెక్క కోళ్ళకి తెలియదు కాబట్టి సగానికి సగం పుంజులయ్యాయి. ఆ సంగతి తురాయిలు ఎర్రబడేదాకా బయటపడలేదు. ఈలోగా ఇంట్లో ఒక్కొక్కరూ ఒక్కోదాన్ని చంకనెత్తుకున్నారు. డేగ అమ్మది, కాకి మా ఆవిడది, నెమలి మా అబ్బాయిది. నాకు పుంజు లేదు, తవుడు ఖర్చుంది.

పెట్టలేమో పాతవాటితో కలిపి తొమ్మిది. పుంజొకదానికి ఎనిమిదో పదో పెట్టలుండాలంటారు పెంచేవాళ్ళు. ఆ లెక్కన మా ఇంట్లో రెండు పుంజులు ఎక్కువ. ఏ రెండు అనే మాట ఎత్తిన పూట మా ఇంట్లో పొయ్యి వెలగదు. అసలు పెట్ట గుడ్డు పెట్టడానికి పుంజుతో పనే లేదు, ఆ గుడ్డు పొదిగి పిల్ల కావాలంటేనే పని. ఈ నిజం పుంజుల చెవిన పడకపోవడం వాటి అదృష్టం.

ఐదో నెల దాకా మూడూ ఒకే మూకుట్లో నూకలు తిన్నాయి. ఆ తరవాత ఒకరోజు డేగ మెడ ఈకలు నిక్కబొడుచుకుని కాకి ఎదురుగా నిలబడింది. రెండూ తలలు వంచి కళ్ళలో కళ్ళు పెట్టి చూసుకున్నాయి. ఎగిరి తన్నుకున్నాయి. కాకి తోక ముడిచి కొట్టం వెనక్కి పోయింది. నెమలి మాత్రం తగువు చూడనట్టే నేల గీరుకుంటూ ఉండిపోయింది.

కోళ్ళలో ఎవరు ఎవర్ని పొడవాలో ఒక వరస ఉంటుందని 1920లలో నార్వే శాస్త్రవేత్త షెల్డెరుప్ ఎబ్బె రాశాడు. తెల్లారగట్ల ముందు పెద్దపుంజు కూస్తుందనీ, మిగతావి హోదా ప్రకారం దాని వెనక అందుకుంటాయనీ 2015లో జపాన్ వాళ్ళు తేల్చారు. మా వీధిలో ఎవరినడిగినా చెప్పేవారు, నిద్ర లేక ఎర్రబడ్డ కళ్ళతో.

నాకు నచ్చింది నెమలి తెలివి. మామూలుగా పుంజుకి పురుగు దొరికితే కొక్‌కొక్‌మని పెట్టల్ని పిలిచి, ముక్కుతో ఎత్తి వదిలి చూపిస్తుంది. డేగ దరిదాపుల్లో ఉంటే నెమలి నోరు విప్పదు. తల మాత్రం కిందికీ పైకీ ఆడిస్తుంది. నల్లపెట్ట చూసి గడ్డివాము చాటుకి నడిచొస్తుంది. డేగ తల తిప్పేసరికి నెమలి ఆకాశంలో గద్ద కోసం వెతుకుతూ ఉంటుంది.

ఇంత రాజకీయం మోసేది పెట్టలే. మూడు పుంజుల తొక్కుడుకి వాటి వీపుల మీద ఈకలు రాలి చర్మం కనబడసాగింది. వంతులేసి గంప కింద మూశాను. మూసినది గంపలోంచే కూసింది. సంక్రాంతి దగ్గర పడ్డాక పక్కింటి బాబాయ్ గోడ మీదకి వంగాడు.

"ఒరేయ్, ఆ డేగనియ్యరా. బాదంపప్పు పెట్టి పెంచుతా."

"పెంచి కాలికి కత్తి కడతావా? నా డేగనివ్వను. ఆ బాదంపప్పేదో నాకు పెట్టు" అంది అమ్మ.

చివరికి డేగని పెట్టలకొదిలేసి, కాకినీ నెమలినీ పాత కట్టెల పాకలోకి మార్చాం. పెట్ట కంటబడకపోతే పుంజులకి తగువుండదని ఒక పాతకాపు చెప్పాడు. నిజమే, రెండూ ఒకే అడ్డకర్ర మీద ఒరుసుకుని పడుకుంటున్నాయి. పాక జాలీకి గోనెపట్టాలు కట్టాం. గాలికి పట్టా తొలిగితే మాత్రం పెట్టలు కనబడతాయి.

"ఏమండీ, గోనె!" అని వంటింట్లోంచి కేక.

పిన్నీసులు పట్టుకుని పరిగెత్తేది నేనే.