మూడో ప్రమాద హెచ్చరిక

శ్రావణం వచ్చిందంటే గోదారి జిల్లా కళ్ళన్నీ ధవళేశ్వరం బ్యారేజీ గేజీ మీదే. 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. లంకల్లోంచి గొడ్డూగోదా ఎప్పుడు తోలుకురావాలో, పడవ ఎప్పుడు కట్టెయ్యాలో చెప్పేవి ఈ అంకెలే. బ్యారేజీకి 175 గేట్లున్నాయి. కొలత చూడకుండా ఒక్కటీ ఎత్తరు.

ఇంత కొలతెరిగిన ఊళ్ళో కొలత లేనిది ఒక్కటే, పిల్లాడి మందు.

ముక్కు కారిందా, మొదటి హెచ్చరిక. నాయనమ్మ మందులషాపుకి బయల్దేరుతుంది.

"అబ్బాయ్, మనవడికి జలుబురా. మొన్న మా చంటిదానికిచ్చిన సీసాయే ఇయ్యి."

"ఆయ్, సెఫిక్సిమండి. ఇదిగోండి."

చీటీ ఏదని కుర్రాడు అడగడు. అడిగితే ఆవిడ పక్క షాపుకి పోతుంది. 2014 మార్చి నుంచి ఆ యాంటీబయాటిక్ మందుల చట్టంలోని హెచ్1 జాబితాలో ఉంది. చీటీ రాసిన డాక్టరు పేరూ, రోగి పేరూ విడి రిజిస్టర్లో ఎక్కించి మూడేళ్ళు దాచాలి. కుర్రాడు చట్టం దాటే మనిషి కాదు. రిజిస్టర్ని ఎంత భద్రంగా దాచాడంటే, ఇప్పటికీ అందులో ఒక్క అక్షరం పడలేదు.

జలుబు తెచ్చేది వైరస్. మందు చంపేది బ్యాక్టీరియాని. దొంగ పెరటి గుమ్మంలోంచి వస్తుంటే వీధి తలుపుకి తాళమేసినట్టు. అయినా నాలుగు రోజులకి జలుబు దానంతటదే తగ్గుతుంది, పేరు మందుకొస్తుంది. మిగిలిన సగం సీసా ఫ్రిజ్ తలుపులో ఆవకాయ పక్కకి చేరుతుంది. నీళ్ళు కలిపిన సిరప్పు వారం, మహా అయితే రెండు వారాలు. ఆవకాయతో సావాసం చేసింది గనక అదీ ఏడాది నిలవుంటుందని ఇంటిల్లిపాది నమ్మకం.

ఒళ్ళు కాలిందా, రెండో హెచ్చరిక. ఆర్.ఎం.పి. గారింటికి. "సూది పడితేగానీ మావాడికి దిగదండి" అని రోగనిర్ణయం, చికిత్స రెండూ నాన్నగారే చేసేస్తారు. "ఇది వైరల్ జ్వరం, నీళ్ళు బాగా పట్టించి కనిపెట్టుకుని ఉండండి" అనే డాక్టరు కూడా ఉంటాడు పాపం. ఆయన హస్తవాసి మంచిది కాదని సాయంత్రానికల్లా వీధంతా తెలిసిపోతుంది.

మూడో హెచ్చరికకి రాజమండ్రిలో ఏదో ఒక పిల్లల ఆసుపత్రి. చిట్టి చేతికి కాన్యులా, కదలకుండా అట్టముక్క, పూటకో యాంటీబయాటిక్. రక్తం కల్చర్‌కి పంపారా అంటే, పంపారు, రెండోరోజున. అప్పటికే మందు పడ్డ రక్తంలో క్రిమి దొరకడం కష్టం. దొరకలేదు గనక ఇంకా పెద్ద మందు. గేట్లన్నీ ఎత్తేసి, ఆ తరవాత గేజీ ఎక్కడుందని వెతికినట్టు.

నిమోనియాకీ, పసికందు సెప్సిస్‌కీ గేటు ఎత్తాల్సిందే, అదీ తక్షణం. ముందు రక్తం తీసి, మందు మొదలుపెట్టి, 48 గంటలకి ఫలితం చూసి, అవసరం లేదంటే దించాలి. ఎత్తడమే గాని దించడం రానివాణ్ణి బ్యారేజీ మీద ఎవరు నిలబెడతారు? యాంటీబయాటిక్ రాస్తే ఎందుకు రాస్తున్నారో కూడా రాయండి మహాప్రభో అని 2024 జనవరిలో కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టర్ జనరల్ డాక్టర్లకి లేఖ పంపారు. "వాళ్ళ నాన్న అడిగాడు" అని చీటీ మీద రాస్తే ఏం బాగుంటుంది?

ఈ డెల్టాలో కొలతకి నోచుకున్న ప్రాణి ఒకటుంది. రొయ్య. యూరప్ వెళ్ళే రొయ్యలో నైట్రోఫ్యూరాన్ అనే యాంటీబయాటిక్ ఆనవాలు చిక్కితే సరుకు సరుకంతా తిప్పికొడతారు. అందుకే చెరువు రైతు ఏ మందు చల్లాలన్నా పదిసార్లు ఆలోచిస్తాడు. మనవడు ఎగుమతి సరుకు కాడు, వాడి పొట్టలో ఏం పడిందో అడిగే దేశమే లేదు.

గేజీ మాత్రం తన పని తాను చేస్తోంది. ఢిల్లీలో మూడు ఆసుపత్రుల పసికందుల మీద జరిగిన అధ్యయనం 2016లో వెలువడింది. అక్కడ దొరికిన అసినెటోబాక్టర్ క్రిముల్లో నూటికి 82 రకరకాల మందులకి లొంగనివే. కళ్ళు తెరిచి వారం తిరగని బిడ్డలు ఏ షాపుకెళ్ళి ఏ సీసా అడిగారు? ఎగువన మనం వదిలిన నీళ్ళు దిగువన వాళ్ళ ఉయ్యాల్లోకి చేరాయి.

గోదారి పొంగితే ఎక్కి నిలబడడానికి ఏటిగట్టుంది. ఈ క్రిముల వరదకి గట్టు యాంటీబయాటిక్ మందే. దాన్ని జలుబుకో చెంచా, దగ్గుకో చెంచా చొప్పున తవ్వి, పంచదార కలిపి మరీ పిల్లాడికి తాగిస్తున్నాం.