39 దగ్గర ఆగిన సార్

సార్ పొద్దున్నే లేచి ముందు బీపీ మాత్ర వేసుకుంటారు, తర్వాతే గూగుల్ స్కాలర్ తెరుస్తారు. ఈ వరుస తప్పరు. ఆ మాత్ర బీటా బ్లాకర్. గుండెలోని బీటా రిసెప్టర్ల మీద అడ్రినలిన్ ఆటలు సాగనివ్వదు. తన పేపర్‌ని ఎవరైనా ప్రస్తావిస్తే వచ్చే సైటేషన్ పెరిగినా పెరక్కపోయినా దడ పుట్టకుండా కాచేది అదే. పాతికేళ్లుగా ఆ రిసెప్టర్ మీదే పరిశోధన చేస్తున్నందుకు చేతికందిన ఫలం అదొక్కటేనని గిట్టనివాళ్లంటారు.

ఈయన ఏ సంస్థలో ఉన్నారో అడక్కండి. బయోమెడికల్ ల్యాబులున్న చోటల్లా ఒకరుంటారు.

సార్‌ని పట్టిన గ్రహం పేరు హెచ్-ఇండెక్స్. 2005లో హోర్హే హిర్ష్ అనే భౌతికశాస్త్రవేత్త దీన్ని కనిపెట్టాడు. ఆయనకేం, రిసెప్టర్లతో పనిలేదు, లెక్క చెప్పి తప్పుకున్నాడు. హెచ్ 40 కావాలంటే 40 పేపర్లు ఉండాలి, ఒక్కోదానికీ కనీసం 40 సైటేషన్లు రావాలి. సార్ పేపర్లలో ముప్పై తొమ్మిది ఆ గీత దాటాయి. నలభయ్యోది మాత్రం 39 దగ్గర పడకేసింది. ఒక్కటంటే ఒక్క సైటేషన్! దానికోసం ఆయన తొక్కని గడప లేదు. తోడల్లుడి కూతురి పెళ్లిలో పెళ్లికొడుకు బోస్టన్‌లో పోస్ట్‌డాక్ అని తెలిసి, తలంబ్రాలు పోస్తుండగానే పీటల దగ్గరికెళ్లి, “బాబూ, ఇంట్రడక్షన్‌లో ఒక్క వాక్యం చాలు” అన్నారు. పురోహితుడు కట్నం బేరమేమోనని మంత్రం ఆపేశాడు.

థీసిస్ వస్తే సార్ వెనకనుంచి చదువుతారు. రిఫరెన్సుల్లో తన పేరు కనిపిస్తేనే ముందుకొస్తారు. పేరు చెప్పకుండా రివ్యూ రాయమని జర్నళ్లు అడిగితే, “ఈ క్రింది ముఖ్యమైన ఐదు పేపర్లను రచయితలు గమనించలేదు” అని రాసి పంపుతారు. ఐదూ ఒకరివే. పంపిందెవరో తెలుసుకోడానికి డిటెక్టివ్ అక్కర్లేదు.

చెప్పే పాఠం మాత్రం బంగారం, కాదనలేం. హార్మోను అదేపనిగా తగులుతుంటే రిసెప్టర్ మొద్దుబారిపోతుంది. అరెస్టిన్ అనే ప్రోటీన్ వచ్చి, సిగ్నల్ మోసే జీ-ప్రోటీన్‌ని దగ్గరికి రానివ్వకుండా అడ్డుపడి, రిసెప్టర్‌ని కణం లోపలికి లాగేయిస్తుంది. దీని మీద గంటసేపు నీళ్లు తాగకుండా చెప్తారు. మొట్టమొదటి సైటేషన్ వచ్చిన రోజు ఇదే సార్ ల్యాబంతటికీ బిర్యానీ పెట్టించారు. వెయ్యోది వచ్చిన రోజు “ఇంతేనా?” అన్నారు. పాఠానికీ ఈ బిర్యానీకీ సంబంధముందని ప్రతి విద్యార్థికీ తెలుసు. చెప్పేవాడు లేడు. థీసిస్ మీద సంతకం కావాలిగా!

ఆయన గదిలో యల్లాప్రగడ సుబ్బారావు గారి ఫొటో ఉంది. 1925లో ఫిస్కేతో కలిసి ఫాస్పరస్ కొలిచే పద్ధతి ఇచ్చిన భీమవరం మనిషి. దశాబ్దాల తరబడి ల్యాబులన్నీ ఆ పేపరును తల్చుకున్నాయి. సార్ ఆ ఫొటోకి దండం పెడతారు గానీ లౌరీ పేరెత్తితే ముఖం మాడ్చుకుంటారు. ప్రోటీన్ ఎంతుందో కొలిచే లౌరీ పద్ధతి 1951 నాటిది, మూడు లక్షలు దాటిన సైటేషన్లు. “రిసెప్టర్ కాదు, సిగ్నలింగ్ కాదు, వట్టి కొలత! తూనికలవాడికి ఇంత పేరా?”

2012లో ఈ రిసెప్టర్లకే నోబెల్ వచ్చింది. స్టాక్‌హోమ్ ఫోను మోగుతుంటే, ఆ బహుమతి గెలిచిన లెఫ్‌కోవిట్జ్ చెవుల్లో ప్లగ్గులు పెట్టుకుని నిద్రపోతున్నారు. భార్య మోచేత్తో పొడిచి లేపింది. మన సార్ ఫోను దిండు కిందే ఉంటుంది. అమెరికా వాళ్ల పేపర్లు అర్ధరాత్రి పడతాయని. “ఆ నంబరు పెరిగితే జీతంలో ఏమైనా కలుస్తుందాండీ?” అని అమ్మగారు ఒకసారి అడిగారు. రెండ్రోజులు ఆ ఇంట్లో మాటల్లేవు.

మొన్న శుక్రవారం ఆ నలభయ్యో సైటేషన్ వచ్చింది. ల్యాబులో కాజాలు పంచారు. ఓ పిల్ల ఆ కొత్త పేపరు తెరిచి చదివి, కాజా నోట్లోనే పెట్టుకుని ఆగిపోయింది. “సార్... మన ఫలితం తప్పని రాశారు సార్. మూడుసార్లు చేసినా రాలేదట.”

“పేరు సరిగ్గా రాశాడా?”

“రాశాడు సార్. ఇనిషియల్స్‌తో సహా.”

“అయితే ఖండిస్తూ జవాబు రాయమ్మా,” అన్నారు సార్, ఇంకో కాజా అందుకుంటూ. “రిఫరెన్సుల్లో మనవి ఓ పది పెట్టు.”