పక్కవాద్యం చదువు

నేను మృదంగాన్ని. పనస మొద్దును తొలిచి నన్ను చేశారు. కుడి మూత నడుమ నల్లని కరణి, ఎడమ మూతకు కచేరీ రోజున తడి రవ్వముద్ద. సాలూరు దగ్గర శివరామపురంలో సాలూరి సన్యాసిరాజు గారి ఇల్లే నా ఇల్లు. విజయనగరం సంగీత కళాశాలకు పేరు తెచ్చిన ద్వారం వెంకటస్వామి నాయుడు గారి ఫిడేలుకు పక్కన మృదంగం వాయించిన చేతులు ఆయనవి.

పక్కవాద్యమంటే కొందరికి చిన్నచూపు. నాకు మాత్రం అంతకు మించిన చదువు లేదు. రాగాలాపన సాగుతున్నంతసేపూ నేను పలకను, వింటాను. కీర్తన మొదలయ్యాక ఫిడేలు ఎటు మళ్లబోతోందో ముందే పసిగట్టి తోడు నడుస్తాను. నేనొక్కదాన్నే పలికే తని ఆవర్తనంలోనే నా విద్వత్తు చూపిస్తాను.

ఆ ఇంట్లో 1922లో పుట్టిన సన్యాసిరాజు గారి కొడుకు రాజేశ్వరరావుకు ఈ చదువు ఊహ తెలియకముందే అబ్బింది. మృదంగం, తబలా, హార్మోనియం, ఏది పట్టినా పలికించేవాడు. 1935లో ‘శ్రీకృష్ణలీలలు’లో కృష్ణుడి వేషం వాణ్ని సినిమాకు తీసుకుపోయింది. ఆ తర్వాత కలకత్తాలో పంకజ్ మల్లిక్, సైగల్‌ల సంగీతం వాడి చెవికెక్కింది. 1939లో ‘జయప్రద’తో సంగీత దర్శకుడయ్యాడు. వాయించే చెయ్యి వాద్యబృందాన్ని నడిపే చెయ్యయింది.

ఇక నాతో పనిలేదేమోనని బెంగపడ్డాను. 1948లో వాడు సంగీతమిచ్చిన జెమినీ వారి సినిమా ‘చంద్రలేఖ’ ఆ బెంగ తీర్చింది. అందులో పెద్ద పెద్ద ఢంకాల మీద నాట్యమాడించారు. ఎక్కడెక్కడి వాద్యాలో కలిసి మోగినా లయ చెదరలేదు. తాళం మా ఇంటి బిడ్డ ఒంట్లోనే ఉంది మరి!

1951లో వాడి ‘మల్లీశ్వరి’ పాటలు విన్నప్పుడు ఇంకా పొంగిపోయాను. పాటలు రాసిన కృష్ణశాస్త్రి మాట విచ్చుకునేదాకా వాద్యాలు ఆగాయి. భానుమతి గొంతుకూ, మా విజయనగరంలోనే సంగీతం చదువుకున్న ఘంటసాల గొంతుకూ చోటిచ్చి తాము వెనక నడిచాయి. అంతమంది వాద్యగాళ్లున్నా ఎవరెప్పుడు ఆగాలో వాడికి తెలుసు. అది నా పక్కన నేర్చిన విద్యే.

ముందు నిలబడి చెయ్యి ఊపితే బృందం నడవదు. ఎదుటివాడి స్వరం వినగలిగినవాడి వెంటే నడుస్తుంది. సంగీత దర్శకులు కావాలని కోరుకునే మా విజయనగరం, శ్రీకాకుళం పిల్లలకు నేను చెప్పేదొక్కటే: ముందు మరొకరి పాటకు తోడు వాయించండి. పదిమందిని నడిపించే అర్హత అక్కడే వస్తుంది.