కాలాపానీలో కవరేజీ లేదట!

పోర్ట్‌ బ్లెయిర్‌ (ఇప్పుడు శ్రీవిజయపురం) పక్కనే రాస్‌ దీవి. 2018లో నేతాజీ పేరు పెట్టారు. మనవాళ్లు పిల్లాపాపలతో పడవ దిగారు.

తెల్లదొరలు కట్టుకున్న చర్చిని చెట్ల వేళ్లు మింగేశాయి. రాజ్యాలు ఎలా పోతాయో చూడాలంటే అదే చోటు. నాన్నగారు మాత్రం ఫోన్‌ పైకెత్తి సిగ్నల్‌ కోసం గోడ గోడకీ తిరిగారు. పిల్లలు సముద్రాన్ని చూశారు, సెల్ఫీలో తమ వెనకాల.

శ్రద్ధగా చూసినవి జింకలే. అమ్మ విప్పిన పులిహోర డబ్బాని!

ఒకప్పుడు అండమాన్‌కు పంపితే శిక్ష. ఇప్పుడు అప్పుచేసి వెళ్లి, నెట్‌ రాలేదని ఏడుపు.

తిరుగు పడవలో ఏకగ్రీవ తీర్పు: ‘‘చూడ్డానికేం లేదు. వచ్చే ఏడాది గోవా పోదాం.’’