మీ కారు రాసుకున్న కారణం మాకూ చూపండి

ఎలక్ట్రిక్ కార్ల కంపెనీ కస్టమర్ కేర్ అధిపతి గారికి,



"మీ వాహనంలో ఎలాంటి లోపం కనిపించలేదు. మీ ఫిర్యాదును ముగించాం." మీ దగ్గర నుంచి వచ్చిన ఈ మెసేజ్ గురించే ఈ ఉత్తరం.

జమ్మికుంటలో ఇంటి దగ్గర రాత్రి ప్లగ్గు పెడితే తెల్లారేసరికి మా బండి నిండుతుంది. అందులో ఏ పేచీ లేదు. కరీంనగర్‌లోనో హన్మకొండలోనో ఫాస్ట్ చార్జర్ గన్ పెడితేనే కాసేపు ఎక్కి టక్కున ఆగిపోతుంది. ఒక్కోసారి మొదలే కాదు, తెర మీద 'ఈవీ కమ్యూనికేషన్ ఎర్రర్' అని వస్తుంది. చార్జర్ వాళ్లకు ఫోన్ చేస్తే "మీ బండిలనే ఉంది సార్, కంపెనీని అడుగుండ్రి" అంటారు. మీకు చేస్తే "అది చార్జర్ సమస్య, ఇంకో స్టేషన్‌లో ప్రయత్నించండి" అంటారు. హైదరాబాద్‌లో ఇంకో స్టేషన్ అంటే పక్క వీధి కావచ్చు. మాకు ఇంకో ఊరు. అక్కడిదాకా బండి వస్తదో రాదో అని, 45 డిగ్రీల ఎండలో ఏసీ బంద్ చేసుకొని, వెనక సీట్లో ముసలివాళ్లను కూర్చోబెట్టుకొని పోవాలి.

ఎక్కడ ఆగుతుందో మీకు తెలియనిది కాదు. ఇంట్లో ప్లగ్గు పెట్టినప్పుడు ఏసీ కరెంటు బండిలోని చార్జర్ గుండా డీసీగా మారి బ్యాటరీకి చేరుతుంది. ఫాస్ట్ చార్జింగ్‌లో ఆ దారే ఉండదు. గన్ కింది భాగంలోని రెండు లావు పిన్నుల నుంచి డీసీ నేరుగా బ్యాటరీకి పోతుంది. అంతకుముందే పై భాగంలోని చిన్న పిన్నుల ద్వారా బండి, స్టేషన్ మాట్లాడుకుంటాయి. గన్ లాక్ పడిందా, ఇన్సులేషన్ బాగుందా, వోల్టేజీ కలిసిందా అని ఒక్కొక్కటీ సరిచూసుకున్నాకే బండిలోని కాంటాక్టర్లు మూసుకుంటాయి. ఎంత కరెంటు కావాలో బండి అడుగుతుంటే స్టేషన్ అంత ఇస్తుంది. ఎక్కడ తేడా వచ్చినా ఆపేస్తాయి. ప్రాణాలు కాపాడే ఏర్పాటు అది, దాని మీద మాకు ఫిర్యాదు లేదు. అయితే ఆపినప్పుడు ఎందుకు ఆపిందో బండి కోడ్ రూపంలో రాసుకుంటుంది. స్టేషన్ కూడా తన లెక్క తాను రాసుకుంటుంది. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే తప్పు ఎవరిదో తేలిపోతుంది.

మరి మీ సర్వీస్ సెంటర్ ఏం చేసింది? బండిని రోజంతా ఉంచుకుంది. షెడ్డులో గోడకున్న ఏసీ చార్జర్ తగిలించి, చార్జింగ్ ఎక్కుతోందని ఫొటో తీసి, జాబ్ కార్డు మీద 'ఓకే' అని రాసి పంపింది. ఏసీలో ఎక్కుతుందని చెప్పే కదా మేము బండి ఇచ్చింది! డీసీ దారిని, దాని కాంటాక్టర్లను, గన్ పెట్టే సాకెట్‌లోని ఉష్ణోగ్రత సెన్సర్లను ఎవరూ ముట్టుకోలేదు. అక్కడి కుర్రాడిని అనడం లేదు. డీసీ చార్జర్ లేని షెడ్డులో అతను చేయగలిగింది అంతే. ఆ పరీక్షకు లోపం లేదని పేరు పెట్టి కేసు మూసింది మీరు.

నెమ్మదించిన ప్రతిసారీ లోపమేనని నేను అనను. 80 శాతం దాటాక వేగం తగ్గుతుంది, బ్యాటరీ వేడెక్కినా తగ్గుతుంది. తగ్గడం వేరు, తెగిపోవడం వేరు. ఈ తేడాను మీ కాల్ సెంటర్ వాళ్లు పట్టించుకోకుండా "ఎండాకాలం కదండీ" అంటున్నారు.

నేను పత్తి మార్కెట్లో అడ్తి దుకాణం నడిపేవాడిని. మా యార్డులో సీసీఐ (భారత పత్తి సంస్థ) వాళ్లు పత్తి కొనాలంటే తేమ 8 శాతం లోపు ఉంటే పూర్తి ధర, 12 దాటితే కొనరు. తేమ మీటరు బస్తాలో గుచ్చి, అంకె రైతు కండ్ల ముందే చూస్తారు. రైతు ఒప్పుకోకపోతే ఇంకో చోట గుచ్చమంటాడు. అంకె దాచిపెట్టి "నీ పత్తి బాలేదు, పో" అంటే రైతులు తిరగబడి యార్డు గేటు మూతపడుతుంది. లక్షలు పోసి కొన్న బండి రాసుకున్న కోడ్‌ను మా నుంచి ఎందుకు దాస్తున్నారు?

లోపం ఒప్పుకుంటే కంపెనీ పరువేం పోదు. 2024 జూలైలో కియా మన దేశంలో 1,138 ఈవీ6 కార్లను చార్జింగ్ కంట్రోల్ యూనిట్ లోపం మీద వెనక్కి పిలిచి సాఫ్ట్‌వేర్ మార్చింది. అదే ఏడాది అక్టోబర్‌లో ఓలా ఎలక్ట్రిక్‌కు కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ షోకాజ్ నోటీసు ఇచ్చింది. ఏడాదిలో 10 వేలకు పైగా ఫిర్యాదులు వచ్చాకే ఆ ప్రాధికార సంస్థ కదిలింది. లోపం చెప్పుకోవడానికి మేము కూడా అన్ని వేలమందిమి కావాలా?

తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబర్ నుంచి ఎలక్ట్రిక్ బండ్లకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు మాఫీ చేసింది. ఆ ధైర్యంతోనే చిన్న ఊళ్లవాళ్లు కొంటున్నారు. "మీ బండి ఎట్లుంది?" అని మా బజారులో రోజూ ఎవరో ఒకరు అడుగుతారు. వాళ్లకు నేను ఉన్నదే చెప్తున్నా.

మా కోరికలు రెండే. చార్జింగ్ తెగిన రోజు, సమయం, బండి రాసుకున్న కోడ్, దాని అర్థం జాబ్ కార్డు మీద తెలుగులో రాసి సంతకం పెట్టి ఇవ్వండి. డీసీ చార్జర్ మీద మా ముందు పరీక్షించకుండా ఏ ఫిర్యాదూ మూసెయ్యకండి.

ఇదే ఇబ్బంది పడుతున్న తోటివాళ్లకు ఒక మాట. చార్జర్ తెర మీది మెసేజ్‌ను టైముతో సహా ఫొటో తీసి పెట్టుకోండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కంపెనీ ఏ నగరంలో ఉన్నా మనం ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు. 50 లక్షల లోపు బండి అయితే కరీంనగర్‌లోని జిల్లా కమిషన్ చాలు, వస్తువును పరీక్షకు పంపే అధికారం దానికి ఉంది. గడువు రెండేళ్లు, అది దాటనివ్వకండి.

ఇట్లు,
జమ్మికుంట నుంచి మీ వినియోగదారుడు